నలభయ్యో పేజీ

పటమటలోని ఆ పుస్తకాల షాపు మేడమీద పాఠకుల చర్చ ముగిసి, జనమంతా కింద టీ తాగుతున్నారు. శాంభవి తన కొత్త నవలను షాపు యజమాని భానుమూర్తి ముందు దబ్బున పడేసింది.

"అట్ట నాదేనండీ. లోపలున్నది రొయ్యల పెంపకం!"

"అయ్యో! ప్రెస్సువాళ్లు బైండింగులో కలిపేసినట్టున్నారు మేడమ్. ఇదొక్కటేనేమో."

"వక్తలు బల్లమీద వదిలేసినవి ఐదూ తిరగేశాను. అన్నీ ఇంతే. నెల కిందట మీరు వాళ్లకి పంపినవేగా?"

"ఆ కట్టలోవేనండీ. ప్రెస్సు నుంచి మాకొచ్చింది ఆ కట్టొక్కటే. కాస్త మెల్లగా... కింద వింటారు."

"విననివ్వండి! ఒకాయన నా శైలి సెలయేరన్నాడు. ఇంకొకాయన నలభయ్యో పేజీ దగ్గర ఏడ్చేశానన్నాడు. అక్కడేముందో తెలుసా? రొయ్యలకి మేత రోజుకి ఎన్నిసార్లు వేయాలో ఉంది!"

"పెద్దవాళ్లు, తీరికుండదు. రేపే మార్పించేస్తాను. ఈ సంగతి బయటికి రానివ్వకండి."

"వాళ్లని వదిలేయండి. 'ఏకబిగిన చదివాను, మీరూ చదవండి' అని గుమ్మం దగ్గర బోర్డు రాసి పెట్టిందెవరండీ?"

భానుమూర్తి దుమ్ములేని అట్టను చేత్తో తుడవసాగాడు. శాంభవి ఆ పుస్తకం లాక్కుని మెట్లవైపు నడిచింది.

"కిందికి రండి. నలభయ్యో పేజీ అందరికీ చదివి వినిపిస్తాను."