కొట్టేసినవన్నీ ఉన్నాయి

తార్నాకలో పద్మావతి మేడం ఇల్లు, పొద్దున పదకొండు. రాజశ్రీ ఆరేళ్లు రాసిన థీసిస్‌ను యూనివర్సిటీలో సాయంత్రం నాలుగు దాటితే తీసుకోరు, గడువు ఇవాళ్టితో సరి. అదేమో ఆమె గైడైన ఈ మేడం గారి ముసలి కంప్యూటర్‌లో, బయటికి రానని భీష్మించుకు కూర్చుంది.

“మళ్లీ అదే అంటున్నది మేడం. మెమరీ చాలదట, సేవ్ చేయదట.”

“నిన్నటి నుంచీ అదే పాట. నేనూ సరే, సరే అని నొక్కుతూనే ఉన్నాను.”

“నిన్నటి నుంచా? మరి మీరు దిద్దిందంత?”

“చివరి అధ్యాయం మొత్తం దిద్దాను. పది రోజులు కూర్చున్నానే. సేవ్ అయిందో లేదో నాకేం తెలుసు?”

“పది రోజులు కంప్యూటర్ బంద్ చేయలేదా?”

“బంద్ చేస్తే మళ్లీ లేవడానికి అరగంట. ఎందుకొచ్చిన గొడవని అలాగే ఉంచాను.”

“అయ్యో మేడం! కరెంటు పోతే?”

“పోలేదుగా.”

“పోకుండా నేను మొక్కుకుంట గానీ, గీ కిందున్నయన్నీ ఏంది? ఒకటి, రెండు, మూడు... పందొమ్మిది ఫైళ్లు తెరిచున్నయి!”

“లేదే, అన్నీ మూసేశాను. ఆ చిన్న గీత నొక్కితే కిందికెళ్లి పడుకుంటాయిగా.”

“అది మూసుడు కాదు మేడం, పక్కకు పెట్టుడు. అన్నీ మేలుకొనే ఉన్నయి, కూసోని మెమరీ తింటున్నయి. ఇదేంది, కిట్టు పెళ్లి శుభలేఖ?”

“కిట్టుగాడికిప్పుడు ఇద్దరు పిల్లలు. మూసెయ్.”

“నీళ్ల మోటారు మీద కంప్లయింటు. మోటారు మీద ఇంకో కంప్లయింటు. పై ఫ్లాటు పేరయ్య మీద కంప్లయింటు...”

“చదవక్కర్లేదమ్మా, మూసెయ్.”

“అన్నీ మూసిన. ఇగ చూద్దాం... లేదు. మళ్ల మెమరీ.”

“కొత్తది కొనుక్కోండి అని మాత్రం అనకు. మా ఆయన రోజూ అదే అంటారు.”

“నేనెందుకంట? దీని కడుపుల నా థీసిస్ ఉన్నది, దీన్నొక్క మాట అనను. అంత ఎంచుకొని కొత్త ఫైల్‌ల పెడదామంటే గూడ ఒప్పుకుంటలేదు.”

“పోనీ ఒక్కో పేజీ ఫోన్‌తో ఫొటో తీసుకో.”

“మూడొందల పన్నెండు పేజీలు మేడం!”

“ఊరికే అన్నాను. ఏడవకు.”

“ఏడుస్తలేను. మౌలాలి రైల్వే క్వార్టర్లల్ల ఆడోళ్లు ఆరేండ్లు నాకు చాయ్ పోసి కథలు చెప్పిన్రు. మా మాటలన్నీ పుస్తకమైతయా బిడ్డా అని సోమమ్మ మొన్న గూడ అడిగింది. ఇయ్యాల అయితదని చెప్పిన.”

“అవుతుంది. ఏం చెయ్యాలో చెప్పు, చేద్దాం.”

“డిస్క్‌ల జాగ మస్తుగున్నది. థీసిస్‌ల ఫొటోలు గూడ మూడే. ఫైలే బరువున్నది మేడం. గీ పేజీలకు ఇంత బరువేంది?”

“నీ రాత అంత బరువు.”

“మేడం!”

“కాస్త నవ్వవే. మొహం చూడు ఎలా పెట్టావో.”

“ఆగండి. ఆగండాగండి. మేడం, ఆరేండ్ల నుంచి మనం తిప్పుతున్నది ఇదొక్క ఫైలేనా?”

“ఒక్కటే. నువ్వు పెన్‌డ్రైవ్‌లో తెస్తావు, నేను దిద్దుతాను, నువ్వు పట్టుకుపోతావు. రెండో ఫైలు తెరిస్తే ఏది అసలో ఏది నకిలో తెలిసి చావదని నేనే వద్దన్నానుగా.”

“దొరికింది! ట్రాక్ చేంజెస్ ఆన్ ఉన్నది. ఆరేండ్లల్ల మనిద్దరం కొట్టేసిన ప్రతి అక్షరం దీంట్లనే ఉన్నది.”

“కొట్టేస్తే పోతుంది కదే?”

“పోదు మేడం. ఎర్రగీత కొట్టి దాచిపెడతది, ఎవరు కొట్టేసిన్రో పేరుతో సహా. కండ్లు నొస్తయని నేను కనపడకుండ పెట్టుకున్న, అందుకే ఇన్నేండ్లు చూడలే. ఇప్పుడు చూపిస్త... అబ్బ! స్క్రీనంత ఎర్రగ.”

“పేరుతో సహానా?”

“మీ పేరు, నా పేరు. అన్నీ ఒప్పుకున్నట్టు ఇగో ఈ బటన్ ఒక్కటి నొక్కితే కొట్టేసినవన్నీ నిజంగ పోతయి. ఫైలు తేలికైతది, సేవ్ అయితది. ఒక్క నిమిషం... మేడం.”

“ఏం?”

“మీరు చాయ్ తాగరా?”

“ఇప్పుడేగా తాగాం.”

“ఇంకోటి. నాకు. ఇలాచీ ఎక్కువేసి.”

“ముందు నొక్కు, తర్వాత తాగుదువు. అసలు నువ్వు లే, నేను నొక్కుతాను.”

“మీరా? వద్దు మేడం, మీకు కండ్లు గుంజుతయి.”

“నా కళ్లకేం? నువ్వే తిండి లేకుండా వచ్చావు. వంటింట్లో ఉప్మా ఉంది, వెళ్లి తిను.”

“ఆకలి లేదు. పొయ్యి మీద ఏదో మాడుతున్నట్టుంది, మీరే చూసి రండి.”

“పొయ్యి ఎప్పుడో ఆర్పేశాను. నీ ఫోన్ మోగుతోంది చూడు.”

“నా దోస్తు నరేందర్, మేడం. థీసిస్ ప్రింట్ తీయించనీకి సీతాఫల్‌మండిల బైండింగ్ షాపుల కూసున్నడు.”

“మాట్లాడు. నేనీలోగా మంచినీళ్లు పట్టుకొస్తాను. స్క్రీన్ కదపకు. పైకి అసలు పోకు.”

“హలో, నరేందర్? మెల్లగ మాట్లాడు, మేడం వంటింట్ల ఉన్నది. ఏమైందంటే, నేను సచ్చిన. మొదటేడు రెండో అధ్యాయం టైపు చేసుకుంట, కోపమొచ్చి మేడం మీద ఒక మాట రాసిన. తీసేసుడు మరిచి గట్లనే మేడంకిచ్చిన రా! నెల తర్వాత ఫైలు వాపస్ వచ్చింది, మేడం ఏమనలే. చదవలేదన్నట్టు. బతికిపోయిన్ననుకొని కొట్టేసిన. ఇప్పుడు అదే నలభై రెండో పేజీల ఎర్రగ, నా పేరు పెట్టుకొని కూసున్నది... ఏం రాసిన్నంటే, ‘మేడం ఈ పేజీ దాకా రాదు. మా హాస్టల్ పిల్లి అన్నా దీని మీద పండుకుంటది, మేడం మాత్రం దీని దిక్కు చూడదు’ అని. నవ్వకు రా! థీసిస్‌ల పెట్టే గైడు సర్టిఫికెట్ మీద మేడం సంతకం ఇంక కాలేదు. అది చూస్తే పెడతదా? వస్తున్నది, వస్తున్నది, పెట్టెయ్.”

“ఎవరితోనే ఆ గుసగుసలు?”

“నరేందరే. ప్రింటర్ తయారుగున్నదట.”

“రాజశ్రీ, ఒక పని చెయ్. కళ్లు మూసుకుని నొక్కు.”

“కండ్లు మూసుకునా?”

“మొదటి అధ్యాయాలు చూడకు. పాతవి. ఎప్పుడో ఏదో కోపంలో రాసి ఉంటాను. రాశాను, కొట్టేశాను. కొట్టేశాక అడగకూడదు.”

“నేనడగను. మీరు గూడ అడగొద్దు.”

“నిన్నేం అడగాలి? నువ్వేం రాశావు?”

“ఏం రాయలే.”

“మరి ఆ చెమటలేమిటి?”

“ఫ్యాన్ స్లోగున్నది మేడం. ఇద్దరం మూసుకుందాం, సరేనా? మౌస్ మీద నా చెయ్యి, నా చెయ్యి మీద మీది. ఒకటి, రెండు...”

“ఆగాగు. సరిగ్గా దాని మీదే ఉందా? గుడ్డిగా ఇంకోటి నొక్కితే?”

“ఉన్నది. మూడు!”

“ఏమైంది?”

“తిరుగుతున్నది.”

“ఇప్పుడు?”

“తిరుగుతున్నది. మేడం, మీరు కండ్లు తెరిచిన్రు!”

“నువ్వు తెరవకుండా నీకెలా తెలిసింది?”

“పోయినయి! ఎర్రది ఒక్కటి లేదు. సేవ్ కొడుతున్న... అయింది! అయింది మేడం! పెన్‌డ్రైవ్‌ల వచ్చింది, నరేందర్‌కు మెయిల్ గూడ పోయింది!”

“అమ్మయ్య! ఆ సర్టిఫికెట్ ఇలా ఇవ్వు. పెన్నేదీ?”

“ఇగో. ఇక్కడ మేడం. ఇంకోటి ఇక్కడ... థాంక్యూ మేడం. ఒక్క మాట అడుగుత. మీరేం రాసి కొట్టేసిన్రు?”

“అడగనన్నావు.”

“అది సంతకానికి ముందల.”

“అమ్మ దొంగా! రెండో అధ్యాయం మొదట్లో రాసుకున్నాను. ‘ఈ అమ్మాయి వల్ల కాదు. నలుగురి పుస్తకాల్లోంచి ఎత్తి రాస్తోంది. రేపు పిలిచి మానేయమని చెప్పాలి’ అని.”

“మానేయమనా? నన్నా?”

“నిన్నే.”

“మరి పిలవలేదేం?”

“ఆ అధ్యాయం అయ్యాక పిలుద్దామని చదువుతూ కూర్చున్నాను. నలభై రెండో పేజీ దాకా వచ్చాను.”

“మేడం...”

“ఆ అధ్యాయం మొత్తంలో నీ సొంత మాట ఆ పిల్లి సంగతి ఒక్కటే రాజశ్రీ. అది చదివాకే, నేను రాసింది కొట్టేశాను.”