షహీన్ లేపిన చెయ్యి

ఇబ్రహీంపట్నం దగ్గరి ఊరి బడి. పిల్లలు ఇండ్లకు పోయినంక, స్కూటీ తీస్తున్న ఐదో తరగతి టీచరమ్మను షహీన్ నాయిన గేటు కాడ ఆపిండు.

"వానకాలం, చలికాలం మీద ఇంట్ల అనే మాటలు రాసుకరమ్మన్నవంట. అందర్నీ లేపి అడిగినవ్. మా షహీన్‌ను ఎందుకు దాటేసినవ్ మేడం?"

"మీ ఇంట్ల ఉర్దూ కదన్నా. కార్తెల ముచ్చట ఆ పిల్లకేం తెలుస్తదని, ఇబ్బంది పెట్టొద్దనుకున్న."

"ఇబ్బందా? మన్నెగూడల ఉండే మీరు వాన సంగతి ఫోన్ల చూస్తరు కావచ్చు. ఈడ మా బాపును అడుగుతరు. ఆయన మట్టి పిడికిట్ల పట్టి, తడి చూసి 'పదునైంది' అంటేనే ఊరోళ్లు విత్తనం తీస్తరు."

"నాకు తెల్వదన్నా."

"తెల్వకుంటే అడగాలె. మిరుగం కార్తె రాంగనే నా బిడ్డ తాత ఎంబడి చెల్కల తిరుగుతది. 'మిరుగం చినుకు' అని, 'చలి కొరుకుతది' అని, నిన్న ఆయన పక్కన కూసోని రెండు పేజీలు రాసుకున్నది."

"మంచిగ రాసి ఉంటది."

"ఎట్ల రాసిందో నువ్వు చూసినవా? ఐదుసార్లు చెయ్యి లేపిందంట. అదన్న కనపడ్డదా?"

"కనపడ్డది."

"కనపడ్డా అడగలే."

"తప్పైందన్నా. రేపు మొదాలు షహీన్‌నే అడుగుత."

"అడుగుతవ్, సరే. ఇంటికొచ్చి ఆ రెండు పేజీలు చింపేసింది మేడం. రేపు చెయ్యి లేపకపోతే ఏం చేస్తవ్?"