నాలుగక్షరాల పలక

ఏంటే, ఆ సిలువ మీద పలకనే చూస్తున్నావు? ఐ ఎన్ ఆర్ ఐ అని ఉన్న ఆ నాలుగక్షరాలా? చెప్తాను, ముందు కుర్చీ ఇటు జరుపుకో, అరుస్తూ మాట్లాడే ఓపిక నాకు లేదు. ఆ బంగారం మా అత్త అద్దిందే. మా నాన్నకి అక్క. నువ్వు చూళ్ళేదులే, నువ్వేంటి, మీ అమ్మే చూళ్ళేదు. మామయ్య చెక్కతో సిలువలు చెక్కేవాడు, అత్త వాటికి బంగారు రేకు అద్దేది. రేకంటే నువ్వనుకునే రేకు కాదు, ఊపిరి తగిలితే లేచిపోతుంది. అందుకని అత్త పనిలో కూర్చుంటే కిటికీలన్నీ మూసెయ్యాలి, ఎవరూ దగ్గకూడదు, తుమ్మకూడదు. మామయ్యకేమో పొడుం అలవాటు. ఇంక చూసుకో, "తుమ్మేదుంటే వీధిలోకి పోయి తుమ్మి రండి" అని ఈవిడ, "నా ఇంట్లో నాకు తుమ్మే దిక్కు కూడా లేదా" అని ఆయన.

ఏం చెప్తున్నాను? ఆ, అక్షరాలు. ఆ పలక విడిగా చేసి, అన్నీ అయ్యాక ఆఖర్న మేకు కొట్టేవాళ్ళు. మామయ్య వాళ్ళ నాన్న నాటి అచ్చు ఒకటి ఉండేది, ఆయన అది పెట్టి అక్షరాలు చెక్కేవాడు. అత్తకి చదువు రాదు. లాటిన్ సంగతి దేవుడెరుగు, మన అక్షరాలే రావు. అవి తమ దుకాణం గుర్తు అనుకుంది మహాతల్లి. నిజంగా. ఏ చర్చికి వెళ్ళినా సరే, ఆ నాలుగూ కనిపిస్తే చాలు, "ఇదీ మన సరుకేనే" అని నా చెవిలో ఊదేది. లోకంలో ఉన్న సిలువలన్నీ తన చేతి మీదుగానే వెళ్ళాయని ఒకటే మురిపెం. మామయ్యా కాదనలేదు, ఆయనకి మాత్రం తెలిస్తేగా.

ఆ తర్వాత బావ జైలుకెళ్ళాడు. అత్త కొడుకు, ఒక్కగానొక్కడు. దొంగతనం చేశాడా అంటే చేశాడు, దాచేదేముంది, పనిచేసే బట్టల కొట్లోంచి తానులు ఎత్తుకుపోయి అమ్మేశాడు. అత్త వాడి పేరెత్తనిచ్చేది కాదు. మామయ్య వెళ్ళి చూసొచ్చి, "నిన్నే అడుగుతున్నాడే" అంటే, "ఏ మొహం పెట్టుకుని వెళ్ళమంటారు? అదిగో దొంగ తల్లి అని నలుగురూ చూస్తుంటే నిలబడగలనా?" అనేది. చర్చికీ మానేసింది. తిండి సహించేది కాదు. మాటాపలుకూ లేకుండా పనిచేసుకుపోయేది. బావేమో లోపల రోజురోజుకీ చిక్కిపోతున్నాడట. వీళ్ళిద్దరూ ఇలా ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే పోతారేమోనని నాకు బెంగగా ఉండేది.

ఒకనాడు మధ్యాహ్నం ఫాదర్‌గారు వచ్చారు, చేయమన్న సిలువ ఎంతవరకు వచ్చిందో చూద్దామని. మెత్తటి మనిషి. చర్చికి ఎందుకు రావట్లేదని అడగలేక, మాట కలపడానికి, "అంత శ్రద్ధగా అద్దుతున్నావు, ఆ అక్షరాలేంటో తెలుసామ్మా?" అన్నారు. "మా దుకాణం గుర్తండీ" అంది అత్త. ఆయన నవ్వలేదు పాపం. "కాదమ్మా, అవి నాలుగు లాటిన్ మాటలకి మొదటి అక్షరాలు" అని ఆ మాటలు పలికారు కూడా, నాకిప్పుడు నోరు తిరగదు. నజరేయుడైన యేసు, యూదుల రాజు అని అర్థమట. "ఆ రోజుల్లో ఏ నేరానికి సిలువ వేశారో రాసి తల మీద తగిలించేవారు. రాజునని చెప్పుకున్నాడని, ఇది ఆయన మీద మోపిన నేరం. దారినపోయేవాళ్ళు చూసి నవ్వారు." అత్త చెయ్యి ఆగిపోయింది. "ఆయన తల్లి సిలువ కిందే నిలబడిందంటారుగా?" అంది. "నిలబడిందమ్మా." "మరి ఆవిడా చూసిందా ఇది?" "చూసే ఉంటుంది." అత్త నిట్టూర్చింది. అంతే, రేకు కాస్తా లేచి వెళ్ళి మామయ్య మీసానికి అంటుకుంది. ఎవ్వరం నవ్వలేదు. మామయ్యే మెల్లగా, "ఆయన తప్పు చెయ్యలేదు. మనవాడు చేశాడు" అన్నాడు. అత్త అవునంది. "ఆయనకి అటొకడు ఇటొకడు దొంగలున్నారు కదండీ, వాళ్ళమ్మలు వచ్చారా?" అని అడిగింది. ఫాదర్‌గారు "ఎక్కడా రాయలేదమ్మా" అన్నారు. "సిగ్గుపడి రాలేదేమో" అంది అత్త, ఇంక ఆ రోజు కుంచె ముట్టుకోలేదు.

మర్నాడు పొద్దున్నే ఉతికిన బట్టలు కట్టుకుని నన్ను తోడు రమ్మంది. జైలు గేటు దగ్గర పెద్ద వరస. "ఎవరు కావాలి? ఏం కేసు?" అని కాపలావాడు ఒక్కొక్కరినీ గట్టిగా అడుగుతున్నాడు. మా ముందున్నవాళ్ళంతా తలొంచుకుని గొణుగుతున్నారు. వెళ్ళిపోదామా అత్తా అన్నాను, ఉండవే అంది. మా వంతు వచ్చింది. అత్త, వరసలో చివరివాళ్ళకి కూడా వినబడేట్టు, "దొంగతనం కేసు. నేను వాడి అమ్మని. పిలవండి" అంది.

...పాలు పొంగుతున్నట్టున్నాయి, చూడవే.