మేయర్ గదిలో అదృష్టపు పటం

పోలండ్‌లోని ఆ చిన్న ఊరి యూదులను నాజీలు చంపిన రోజు గుర్తుగా ఏటా సభ జరుగుతుంది. ఈసారి మాట్లాడవలసిన యూదు ముసలావిడ, మేయర్ గదిలో గుమ్మం పక్కనున్న పటం చూసి ఆగిపోయింది. అందులో గడ్డం యూదుడొకడు నాణేలు లెక్కపెడుతున్నాడు.

“ఇదేంటి నాయనా?”

“అదృష్టం కోసమండీ. ఇక్కడ చాలా ఇళ్ళలో ఉంటుంది. శనివారం తలకిందులుగా తగిలిస్తే డబ్బు మనింట్లో రాలుతుందట!”

“శనివారం మాకు పవిత్రమైన విశ్రాంతి రోజు, డబ్బే ముట్టుకోం. అది తీస్తేనే సభకొస్తాను.”

“అయ్యో, గౌరవంతోనే పెట్టామండీ! మీవాళ్ళ తెలివంటే మాకెంత ఇదో!”

“మా తాత ఇదే వీధిలో చెప్పులు కుట్టేవాడు. ఆయన్ని చంపిన మర్నాడే, యూదుడు కదా, బంగారం దాచే ఉంటాడని పొరుగువాళ్ళు మా ఇంటి నేలంతా తవ్వేశారు.”

మేయర్ ముఖం కందిపోయింది. గబగబా పటం దింపి బీరువా వెనక్కి తోసేశాడు.

“తీసేశానండీ. ఇక బయల్దేరదామా?”

“పద.”

తలుపు దగ్గర అతను గొంతు తగ్గించాడు.

“ఇంతకీ... ఏమైనా దొరికిందాండీ?”

ఆవిడ వెనక్కి వచ్చి, కోటు విప్పి కుర్చీలో కూర్చుంది.

“అమ్మా, సభలో అందరూ ఎదురుచూస్తున్నారు!”

“చూడనీ. ముందు నువ్వు కూర్చో.”