కాశీకి రెండు జాబులు

ఆత్మకూరులో తండ్రి కర్మాంతరం ముగిసిన మరునాడు కాశీ నుంచి ఒక జాబు వచ్చింది. కూతురు దాన్ని చదివి తల్లి పక్కన కూలబడింది.

"ఎవురు రాసినారే?"

"నాయన బెంగాలీ నవలను తెలుగు చేస్తా ఉంటే సందేహాలు తీర్చే పంతులుగారమ్మా. మళ్ళీ జవాబులు పంపినారు. నాయన చెప్తే నేను రాసిన జాబులన్నీ దాచిపెట్టుండారంట."

"మీ నాయన పోయినాడని రాసెయ్యి."

"చావు కబురు చదవంగానే చించి పారేస్తారు గదమ్మా! మననుంచి పోయే ఆఖరి జాబు అదేనా?"

తల్లి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"అయితే రెండు పంపుదాం. సందేహాలు తీరినాయి, దండాలని మీ నాయన పేరుతో నువ్వొకటి రాయి. అది దాచుకుంటాడు."

"రెండోది?"

"చావు కబురు పక్కింటాయన చేత రాయిస్తాను. నీ రాత చూస్తే పంతులు చింపలేడు."