బాతుల పందెం

విథర్‌కోట్ ఊళ్లో ఏటా జరిగే ప్లాస్టిక్ బాతుల పందెం ఇంకాసేపట్లో మొదలవుతుంది. వంతెన మీంచి వదిలిన బాతుల్ని దిగువన పిల్లలు ఏట్లోకి దిగి పట్టుకోవాలి. ఈసారి పందెం ఖర్చు పెట్టుకున్న, ఊరి మురుగు కూడా చూసే నీటి కంపెనీ మనిషి బ్యానరు కడుతుంటే, చంకలో చంటిదానితో ఒక తల్లి వచ్చి పక్కన నిలబడింది.

“‘మన ఏరు, మన గర్వం’. బాగుంది సార్. ముక్కు మూసుకుని చదివితే ఇంకా బాగుంది.”

“వెటకారం ఎందుకమ్మా? పిల్లల పండగ ఇది.”

“పండగే. నిరుడు మా పెద్దాడు రూఫస్ మోకాల్లోతు దిగాడు. ఆ తర్వాత పండగంతా ఆసుపత్రిలోనే చేసుకున్నాం.”

“అది ఏటి వల్లేనని రుజువేముంది?”

“ఏం లేదు లెండి. మీ మురుగు గొట్టం ఆ పక్కనే ఉంది గానీ, పాపం, దానికేం తెలుసు? ఇంతకీ మీ పాప రాలేదే? నిరుడు మీ భుజాలెక్కి ఒకటే కేకలు.”

“దానికి... కొంచెం జలుబు.”

“అదృష్టవంతురాలు. అయితే ఈసారి బాతుల్ని మీరే పట్టండి. మావాడు ఒడ్డున నిలబడి చప్పట్లు కొడతాడు.”

అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

“రాత్రి గట్టి వానమ్మా. గొట్టాలు నిండిపోయి మురుగు ఏట్లోకి వదలక తప్పలేదు. మీవాణ్ణి మాత్రం దింపకండి.”

“నా ఒక్కదాని చెవిలో చెప్తే ఎలా సార్? మైకు అదిగో. మిగతా పిల్లలకీ తల్లులున్నారు.”