గంప అడుగున

దీవిలోని గోల్ ఘర్ బజారులో, పళ్ల క్లినిక్‌లో పన్ను పీకేందుకు డాక్టరమ్మ మత్తు సూదిని దవడ వెనక్కి తీసుకెళ్లగానే, చేపల వ్యాపారి కూర్మారావు ఆమె చెయ్యి పట్టుకుని ఆపేశాడు.

"ఆగు దీదీ. నాకు రగతం బేగి గడ్డకట్టదు. సిన్నప్పట్నించీ ఉన్న జబ్బే."

"ఇందాక ఏ రోగమూ లేదన్నారుగా!"

"అనీసేను. నిజం సెప్తే జహాజెక్కించి సముద్రం దాటించి చెన్నై పంపిస్తారని బయం. నేనెల్తే దుకాణం ఎవడు సూస్తాడు?"

"మంచి చేపలు పైన పేర్చి, మెత్తబడినవి గంప అడుగున దాచారన్నమాట. ఈ సూది లోతుకి దిగుతుందండీ. లోపల రక్తం కారితే బయటికి కనపడదు. గొంతు వాచి ఊపిరాడకపోతే అప్పుడెవరు చూస్తారు దుకాణం?"

కూర్మారావుకు ఆ లెక్క వెంటనే బోధపడింది.

"అయితే చెన్నై తప్పదా?"

"అక్కర్లేదు. పెద్దాసుపత్రి వాళ్లతో నేను మాట్లాడతాను. ముందు అక్కడ రక్తం గడ్డకట్టే మందు ఎక్కించుకుని రండి. అప్పుడైనా ఈ సూది వద్దు. పన్ను చుట్టూ చిగుళ్లలో చిన్నచిన్నవి నాలుగు పొడుస్తాను."

"ఒక్క పోటుతో పోయేదానికి నాలుగు పోట్లా? హోల్‌సేల్ మానేసి సిల్లర బేరం పెట్టినావేటి?"

"చిల్లర బేరంలో ఎవరూ ఒక్కసారిగా మునిగిపోరు. గంపలో ఇంకేమైనా ఉందా?"

కూర్మారావు జేబులోంచి సగం వాడిన ఆస్పిరిన్ మాత్రల అట్ట తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"నొప్పికి పొద్దున్నించీ ఇయ్యే మింగుతున్నాను."

"రక్తాన్ని గడ్డకట్టనివ్వని మందే దొరికిందా మీకు!"

"మరేటీ లేదు దీదీ. ఇప్పుడు గంప కాళీ."